నేరుగా అన్న నేరం

"నప్రావో, తమ్ముడూ, నప్రావో!" అంది డోంకా.

బల్గేరియాలో ఆవిడ పుట్టి పెరిగిన బల్చిక్ ఊళ్ళో ఆ మాటకు ఒకటే అర్థం: నేరుగా పో. నేరుగా పోతే సముద్రం, సముద్రం పక్కన రేవు బజారు, ఆ బజార్లో కిటికీలోంచి అమ్మే ఆవిడ తిండి కొట్టు. మధ్యలో తిరగాల్సిన మలుపు ఒక్కటి కూడా లేదు. ముక్కుసూటిగా పోవడమే.

"సరే అక్కా" అన్నాడు ప్రొకోపి. అని, స్టీరింగు కుడికి తిప్పాడు.

కుడివైపున రేవు నుంచి పైకెక్కే సన్నటి సందు ఉంది. ఎక్కడమే తప్ప దిగడం కూడదని మొదట్లోనే ఎర్ర పళ్ళెంలాంటి బోర్డు పెట్టిన సందు. ఆ ఉదయం ఆ సందులో స్లావ్చో లారీ ఎక్కుతోంది. లారీ నిండా క్యాబేజీలు. అక్టోబరు నెల, ఊరంతా పీపాల్లో క్యాబేజీ ఊరబెట్టుకునే రోజులు.

"ఎటురా, ఎటు పోతున్నావురా!" అన్న డోంకా కేక సగంలోనే తెగిపోయింది. ప్రొకోపి కారు ముక్కు లారీ ముక్కుకు గుద్దుకుంది. డోంకా కూర్చున్న వైపు గోడకు ఒరుసుకుపోయి తలుపు లోపలికి ముడుచుకుంది. ఒళ్ళో పెట్టుకున్న పళ్ళేలు ఎగిరిపోయాయి. లారీ మీది క్యాబేజీలు మాత్రం బోర్డునూ లెక్కచేయలేదు, ఎవరినీ దారి అడగలేదు. నేరుగా దొర్లుకుంటూ రేవుకు పోయాయి. ఆ రోజు నేరుగా పోయినవి అవి మాత్రమే.

డోంకా పేరులో డొంక ఉందేమోగాని, డొంకతిరుగుడు మాట ఆవిడ నోట ఎన్నడూ రాలేదు. అవుననేది అవుననే అంటుంది. మెత్తగా ఉడకని పిండిని మొహం మీదే ఉడకలేదంటుంది. అలాంటి మనిషి నేరుగా పొమ్మంటే కారు డొంక తిరిగింది. తిరిగినందుకు శిక్ష కారుకు కాదు, ఆవిడ కుడి భుజానికి పడింది.

ఆ భుజం మామూలు భుజం కాదు. డోంకా రోజూ తెల్లారకముందే బానిత్సా చేసేది. బానిత్సా అంటే పొరల మధ్య ఉప్పుచీజూ గుడ్డూ పెట్టి కాల్చే తినుబండారం. ఆ పొరలు మిషను మీద చేసినవి ఊళ్ళో చాలామంది అమ్ముతారు. డోంకా మాత్రం సన్నటి పొడుగాటి కర్రతో పిండిని ఒత్తి, గాల్లోకి విసిరి, బల్లంతా పరిచేది. పరిచాక కింద బల్లగుడ్డ మీది పువ్వులు పైకి కనపడాలి. కనపడకపోతే మళ్ళీ ముద్ద చేసి మొదలుపెట్టేది. రేవులో పడవలవాళ్ళు ముందు ఆవిడ కిటికీకి వచ్చి, ఆ తర్వాతే సముద్రానికి పోయేవాళ్ళు.

ఇప్పుడా చెయ్యి రొమ్ము ఎత్తు దాటి లేవదు. మొదటి ఆపరేషనులో లోపల రేకు వేసి బిగించారు. రెండోది చేసి, తర్వాత ఆరునూరైనా వదలకుండా వ్యాయామ వైద్యం చేయిస్తేనే భుజం దారికొస్తుందని డాక్టరు చెప్పాడు. లేదంటే ఇంతే. పిండి మరచిపోవాల్సిందే. ఆ ఖర్చుకే డోంకా నష్టపరిహారం అడిగింది. ప్రొకోపి కారుకు బీమా ఉంది, అందుకే ఆవిడకు ధీమా ఉంది.

ప్రొకోపి బీమా కట్టాడు. ఆస్పత్రివాళ్ళు భుజానికి కట్టు కట్టారు. కంపెనీవాళ్ళు అంతా చూసి ఇదంతా కట్టుకథ అన్నారు. ఇన్ని కట్టుల మధ్య, కట్టాల్సిన డబ్బు మాత్రం ఎవరూ కట్టలేదు.

కట్టుకథ అనడానికి వాళ్ళకు దొరికిన ఆధారం ఒకటే. ఆ రోజు పోలీసులు అడిగితే ఇద్దరూ ఒకే మాట చెప్పారు. నేను నప్రావో అన్నానని డోంకా. అక్క నప్రావో అంది, నేను నప్రావో పోయానని ప్రొకోపి. అంటే కారు నేరుగా పోయిందని ఇద్దరూ ఒప్పుకున్నట్టే. మరి నేరుగా పోయిన కారు కుడిచేతి సందులోకి ఎలా వచ్చింది? ఇంటావిడా, ఆవిడ ఇంట్లో అద్దెకుండే మనిషీ కూడబలుక్కుని, కావాలని గుద్దించుకుని, సొమ్ము కొట్టేద్దామనుకున్నారని కంపెనీ తేల్చింది. కూడబలుక్కోవడం కూడా సరిగ్గా చేతకాలేదని పైగా ఎగతాళి.

దాంతో డోంకా దావా వేసింది. అంతకు ముందే నొప్పికి దవా వేసుకుంటోంది. రెండిట్లో ఏదీ పనిచేస్తున్నట్టు లేదు.

నొప్పి కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది ప్రొకోపి.

ప్రొకోపి పేరులో కోపి ఉన్నా మనిషిలో కోపం లేదు. ఒక్క సందర్భంలో తప్ప. అతని తాతల తాతలు ఎప్పుడో టర్కీవాళ్ళ హయాంలో డాన్యూబు నది దాటి, తర్వాత సోవియట్ దేశంలో కలిసిన బెసరాబియాకు పోయిన బల్గేరియన్లు. ఇప్పుడక్కడ యుద్ధం వస్తే, ఇతను అదే నది మళ్ళీ ఇటు దాటి వచ్చాడు. వచ్చి డోంకా ఇంట్లో కింది గది అద్దెకు తీసుకున్నాడు. నానమ్మ దగ్గర నేర్చుకున్న బల్గేరియన్ మాట్లాడతాడు. ఊళ్ళో ముసలివాళ్ళు కూడా మరిచిపోయిన మాటలు అతని నోట వినపడుతుంటే బజార్లో జనం ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. ఎవరైనా "ఏమయ్యా రష్యావాడా" అంటే మాత్రం పేరులోని కోపి బయటికొచ్చేది. "నేను బల్గేరియన్‌ని! మా నానమ్మ బల్గేరియన్! మా ఇంట్లో పిల్లి కూడా బల్గేరియనే!" అని గొంతు చించుకునేవాడు. అందుకని ఎవరూ ఆ ఊసెత్తేవాళ్ళు కాదు.

ప్రమాదం జరిగిన నాటి నుంచి డోంకా వంటింటికి కట్టెలు కొట్టేది అతనే, నీళ్ళు మోసేది అతనే, ఆవిడ జుట్టుకు రుమాలు కట్టిపెట్టేది అతనే. ఒకనాడు ఆవిడకు సూపు పోస్తుండగా డోంకా ఆగలేక అడిగేసింది.

"ఒరే ప్రొకోపీ, నిజం చెప్పరా. నిద్రపోయావా ఆ రోజు? తాగావా?"

"నేను తాగనని నీకు తెలుసు కదక్కా."

"మరి ఎందుకు తిప్పావురా?"

"నువ్వు చెప్పావనే!"

"నేను చెప్పానా? నేను నప్రావో అన్నానురా!"

"ఔను. నువ్వు నప్రావో అన్నావు, నేను నప్రావో పోయాను. ఇంకేం చెయ్యాలి?"

"నప్రావో పోతే నాకు సముద్రం కనపడాలి! కనపడింది క్యాబేజీ!"

"నాకేం తెలుసు నీ సముద్రం సంగతి! చెప్పినట్టు చేసినందుకు కూడా తిడితే మనిషి ఎలా బతకాలి?"

అతను గరిటె గిన్నెలో పడేసి కిందికి దిగిపోయాడు. ఆవిడ తలుపు వేసుకుంది. ఎడమ చేత్తో వేయడంతో తలుపు కూడా గట్టిగా పడలేదు, అదొక బాధ. ఆ తర్వాత కట్టెలు గుమ్మం ముందుకు వచ్చేవి, సూపు గుమ్మం ముందుకు వచ్చేది, మాట మాత్రం వచ్చేది కాదు.

తన మీద తప్పు రాకుండా ప్రొకోపి అబద్ధమాడుతున్నాడని డోంకా లోలోపల అనుకుంది. అనుకున్నందుకు తనకే సిగ్గేసింది. సిగ్గేసినా అనుకోవడం మానలేదు.

*

కోర్టుకు వెళ్ళేముందు డోంకా తరఫు లాయరు జోర్నిత్సా మెట్ల దగ్గర ఆవిడను పక్కకు పిలిచింది. పేరులో జోరు ఉన్న పిల్ల, ఆ రోజు మాత్రం నీరసంగా ఉంది.

"అత్తా, ఒక మాట ముందే చెప్తున్నా. జడ్జిగారు ఇది నాటకం అని నమ్మితే పరిహారం పోవడం కాదు, మీ ఇద్దరి మీదా మోసం కేసు పెడతారు. నువ్వు మాట్లాడాల్సింది అయిపోయింది. ఇవాళ ప్రొకోపి సాక్ష్యం. నువ్వు నోరు మెదపొద్దు."

"నోరు బాగానే ఉందే, విరిగింది భుజం."

"అందుకే చెప్తున్నా, మెదపొద్దని!"

జడ్జి మినేవా నడివయసు దాటిన మనిషి, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని దాని పైనుంచి చూస్తుంది. కంపెనీ తరఫున వచ్చింది కల్చేవ్ అనే కుర్ర లాయరు. పేరుకు తగ్గట్టే మాటలతో కాల్చేవాడు. ప్రొకోపి కొత్త చొక్కా వేసుకుని బోను దగ్గర నిలబడ్డాడు. మెడ దగ్గర బొత్తాం బిగుసుకుపోయింది.

"కూడలి దగ్గర ఆవిడ మీతో ఏమన్నారు?" అడిగాడు కల్చేవ్.

"నప్రావో అంది."

"మీరేం చేశారు?"

"నప్రావో పోయానండీ."

"నప్రావో పోతే లారీ ఎలా తగిలింది?"

"నప్రావో పోయాను కాబట్టే తగిలింది!"

వెనక బెంచీల్లో బజారు జనం కిసుక్కుమన్నారు. కల్చేవ్ వాళ్ళ వైపు తిరిగి చేతులు చాపాడు, వేదిక మీద పాటగాడిలా.

"అయ్యా, నప్రావో వెళ్ళే దారిలో ఆ ఉదయం లారీ లేదు. అవునా కాదా?"

"ఎందుకు లేదండీ, ఉంది! క్యాబేజీలతో సహా ఉంది!"

"లారీ ఉన్నది కుడిచేతి సందులో కదా?"

"ఔనండీ, అక్కడే!"

"మీరు పోయింది నప్రావో కదా?"

"ఔనండీ, అటే!"

"చూశారా అమ్మగారూ!" కల్చేవ్ జడ్జి వైపు తిరిగాడు. "సాక్షి ఒకే ఊపిరిలో నేరుగా పోయానంటాడు, పక్క సందులో గుద్దానంటాడు. కారు ఒకచోట, గుద్దుడు ఒకచోట. ఆ క్యాబేజీలేమన్నా రెక్కలు కట్టుకుని వచ్చాయా? ఇద్దరూ కలిసి పాఠం బట్టీపట్టారు, అర్థం చూసుకోవడం మరిచారు."

జడ్జి కళ్ళజోడు పైకి తోసుకుంది. "ప్రొకోపి గారూ, కోర్టులో అబద్ధం చెబితే జైలుకు పంపిస్తారని మీకు చెప్పారు కదా? ఇంకోసారి ఆలోచించి చెప్పండి. ఎటు వెళ్ళారు?"

ప్రొకోపి చెవులు ఎర్రబడ్డాయి. బొత్తాం విప్పబోయి విప్పలేకపోయాడు. ఒకసారి డోంకా వైపు చూశాడు. ఎన్నాళ్ళ తర్వాతో చూసిన ఆ చూపులో మోసం లేదు, దారి తప్పిన మనిషి బెంగ ఉంది.

"ఎన్నిసార్లు అడిగినా అదేనండీ" అన్నాడు మెల్లగా. "నప్రావో. జైల్లో పెట్టినా నప్రావోనే."

డోంకా లెక్క వేసుకుంది. అబద్ధమాడే మనిషి తనకు పనికొచ్చే అబద్ధం ఆడతాడు. అక్క కుడికి పొమ్మంది, నా తప్పేం లేదు అంటే సరిపోయేది, తప్పంతా తన మీద పడేది. లేదా మలుపు పొరబడ్డాను అన్నా సరిపోయేది, జైలు తప్పేది. ఈ మాట ఇతనికీ పనికిరాదు, తనకూ పనికిరాదు. ఎవరికీ పనికిరాని అబద్ధం కోసం ఎవడైనా జైలుకు పోతాడా? పోడు. అంటే ఇతను నిజమే చెప్తున్నాడు. తనూ నిజమే చెప్పింది. రెండు నిజాలు ఒకే కారెక్కి గోడకు ఎలా గుద్దుకున్నాయి?

ఆవిడ లేచి నిలబడింది. జోర్నిత్సా కొంగు లాగినట్టు స్వెట్టరు లాగింది.

"కూర్చో అత్తా!"

"కూర్చుంటే భుజం నొప్పి, నిలబడితే నీకు నొప్పి. వదులు." డోంకా జడ్జి వైపు తిరిగింది. "అమ్మా, మీరు ఒప్పుకుంటే ఒక్క మాట. వీణ్ణి నోటితో చెప్పొద్దనండి. నోటితో చెప్పేకొద్దీ ఇద్దరం మునిగిపోతున్నాం. చేత్తో చూపించమనండి."

కల్చేవ్ అభ్యంతరం అంటూ లేచాడు. జడ్జి వేలు చూపించి కూర్చోబెట్టింది.

"సరే. ప్రొకోపి గారూ, చేత్తో చూపించండి. నప్రావో ఎటు?"

ఇంత సులువైన ప్రశ్న ఎందుకడుగుతున్నారో అర్థంకాక ప్రొకోపి చుట్టూ చూశాడు. కుడి చెయ్యి ఎత్తి, కుడి పక్కనున్న కిటికీ వైపు చాపాడు.

"నప్రావో. ఇటు."

డోంకా కుడి చెయ్యి లేవదు. ఎడమ చెయ్యే ఎత్తి ఎదురుగా చాపింది. వేలు నేరుగా జడ్జి ముక్కు మీదికి పోయింది.

"నప్రావో. ఇటు!"

ఒకే మాట ఇటు కిటికీ వైపు చూస్తోంది, అటు జడ్జి వైపు చూస్తోంది. ఇద్దరూ చేతులు దించలేదు. ఒకరి చెయ్యి ఒకరు, దయ్యాన్ని చూసినట్టు చూసుకుంటున్నారు.

జడ్జి కళ్ళజోడు పూర్తిగా తీసేసి బల్ల మీద పెట్టింది.

"ప్రొకోపి గారూ, మీరు కారు నడపడం ఎక్కడ నేర్చుకున్నారు?"

"సైన్యంలోనండీ. సోవియట్ రోజుల్లో. లారీ నడిపేవాణ్ణి."

"నేర్పింది ఎవరు?"

"మా సార్జెంటు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచేవాడు. ఇప్పటికీ ఈ చెవి సరిగ్గా వినపడదు."

"కుడికి తిప్పమనడానికి ఏమని అరిచేవాడు?"

"నప్రావో!" అని ప్రొకోపి అలవాటుగా అరిచాడు. కోర్టు అద్దాలు అదిరాయి.

"నేరుగా పొమ్మనడానికి?"

"ప్ర్యామో!"

"మరి మీ నానమ్మ? ఆవిడ మాటల్లో నేరుగా అంటే ఏమిటి?"

"మా నానమ్మకు కారు లేదండీ. ఎద్దులుండేవి. వాటికి దారి తెలుసు, ఆవిడ ఏమీ చెప్పేది కాదు."

ఈసారి కిసుక్కుమనలేదు, బజారంతా ఘొల్లుమంది. జడ్జి కూడా పెదవులు బిగబట్టింది, కానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి.

"బళ్ళో అన్నేళ్ళు మా చేత రష్యన్ చదివించారు" అంది జడ్జి తల పట్టుకుని. "మీరు రష్యన్లో మాట్లాడి ఉంటే నాకు మొదటి మాటకే తట్టేది. మీరు చక్కగా బల్గేరియన్ మాట్లాడుతుంటే, మధ్యలో ఒక్క రష్యన్ మాట దూరిందని ఎవరు అనుకుంటారు?"

"నేను బల్గేరియన్‌ని అండీ!" అన్నాడు ప్రొకోపి చటుక్కున.

"మీరు బల్గేరియనే. మీ నోరూ బల్గేరియనే. మీ స్టీరింగు మాత్రం రష్యన్."

డోంకా బెంచీ మీద కూలబడింది. తను కూడా బళ్ళో ఆ రష్యన్ మాట నేర్చుకుంది. మూల నిలబెట్టి మరీ నేర్పించింది టీచరమ్మ. ఇన్నాళ్ళూ తలలో ఏ అటకమీదో పడి ఉంది. వంటింట్లో ఆ రోజు తలుపు వేసుకోకుండా, ఎటురా అని ఒక్కసారి అడిగి ఉంటే? ఆ సూపు చల్లారకముందే తేలిపోయేది. గుమ్మం ముందు పెట్టిన గిన్నెలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా గుర్తొచ్చి కళ్ళు మసకబారాయి.

జడ్జి గుమాస్తా వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. "రాయండి. ప్రయాణికురాలు నప్రావో అన్నది, చోదకుడు నప్రావో వెళ్ళాడు..."

గుమాస్తా చేతులు ఆగిపోయాయి. "అమ్మగారూ, ఏ నప్రావో రాయమంటారు?"

"రెండూ రాయండి. మాట ఒకటే. ఆవిడ నోట్లో బయల్దేరినప్పుడు నేరుగా, ఆయన చెవిలో దిగినప్పుడు కుడికి. ఇద్దరూ నిజమే చెప్పారు."

కల్చేవ్ ఆఖరి అగ్గిపుల్ల గీశాడు. "అమ్మగారూ, అలాగైతే ప్రయాణికురాలు స్పష్టంగా చెప్పి ఉండాల్సింది. ఆవిడ వంతు తప్పు కూడా..."

"బల్గేరియాలో బల్గేరియన్ మాట్లాడడం ఏ చట్టంలో తప్పో చూపించండి, చదువుకుంటాను."

అగ్గిపుల్ల ఆరిపోయింది.

"తప్పు నాదేనండీ" అన్నాడు ప్రొకోపి. ఎవరూ అడగలేదు, అయినా అన్నాడు. "మాట అక్కది కావచ్చు. సందు మొదట్లో ఎర్ర బోర్డు ఉంది. దానికి భాష లేదు. చూసుకోవాల్సింది నేను. చెవిని నమ్మి కన్ను వదిలేశాను."

"దానికేనయ్యా బీమా ఉన్నది" అంది జడ్జి. ఆ గొంతులో ఇప్పుడు గట్టిదనం లేదు.

కల్చేవ్ కాస్త వ్యవధి అడిగి, ఫోను పట్టుకుని వసారాలోకి పోయాడు. కిటికీలోంచి అతను కనపడుతూనే ఉన్నాడు. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో ఒకసారి ఎదురుగా, ఒకసారి కుడికి చూపిస్తున్నాడు. అవతల కంపెనీవాళ్ళకు ఆ చెయ్యి కనపడదని మరిచిపోయినట్టున్నాడు. తిరిగొచ్చి, నాటకమన్న ఆరోపణ వెనక్కి తీసుకుంటున్నామని, రాజీకి కంపెనీ సిద్ధమని చెప్పాడు. జోర్నిత్సా అతనితో ఒక మూల చాలాసేపు గుసగుసలాడింది. పేరులోని జోరు మనిషిలోకి తిరిగొచ్చింది. చివరికి డోంకా చెవి దగ్గరకొచ్చి, "రెండో ఆపరేషను, వ్యాయామ వైద్యం, మూతపడిన కొట్టు నష్టం, అన్నీ ఇస్తారట అత్తా. సరేనంటావా?" అంది.

"సరే అంటే వాళ్ళ భాషలో కూడా సరేనేనా? ముందు అది కనుక్కో."

"కనుక్కున్నా."

"అయితే సరే."

బయట మెట్ల మీద బజారంతా చుట్టుముట్టింది. లోపల చోటు చాలక బయటే ఉండిపోయినవాళ్ళూ, వెనక బెంచీలో సగం విన్నవాళ్ళూ, ఏమీ వినకుండానే అంతా తెలిసినట్టు చెప్పేవాళ్ళూ అందరూ ఉన్నారు. ఇద్దరూ నాటకమాడారని మొన్నటిదాకా చెవులు కొరుక్కున్నదీ వీళ్ళే. క్యాబేజీల స్లావ్చో వాళ్ళను తోసుకుంటూ ముందుకొచ్చాడు. సాక్ష్యానికి పిలుస్తారని పొద్దున్నుంచీ వసారాలోనే కూర్చున్నాడు, పిలవకుండానే కేసు అయిపోయింది.

"ఏమైంది డోంకా? ఎవరు అబద్ధమాడారు?"

"ఎవరూ ఆడలేదు."

"మరి ఎవరు దారి తప్పారు?"

డోంకా ప్రొకోపి చొక్కా పట్టుకుని దగ్గరకు లాగింది. ఎడమ చేత్తోనే, ఇన్నాళ్ళూ అతన్ని గుమ్మం బయటే నిలబెట్టిన బిగువు ఒక్కసారిగా వదిలేసి, అతని మెడ దగ్గర బొత్తాం విప్పింది.

"అందరూ వినండి, మళ్ళీ మళ్ళీ చెప్పను" అంది, బజార్లో బేరం చెప్పే గొంతుతో. "నేను నప్రావో అన్నాను. మన నప్రావో, నేరుగా అని. వీడు నప్రావో అని విన్నాడు. సైన్యంలో నేర్పిన రష్యన్ నప్రావో, కుడికి అని. వీడికి ఇంటి మాటలు నానమ్మ నేర్పింది, బండి మాటలు సార్జెంటు నేర్పాడు. ఒకే మాట అన్నామయ్యా స్లావ్చో. నాకు అది సముద్రం, వీడికి అది నీ లారీ."